జమేదారు నిరాహార దీక్ష

మొన్న జగిత్యాలల కొత్తగ డ్యూటీల చేరిన పశువుల డాక్టర్ పిల్లలు నన్ను పిలిచి, శాలువా కప్పి, "మేడం, మీ సర్వీసుల మరిచిపోలేని కేసు ఒకటి చెప్పుండ్రి" అన్నరు. బర్రె కడుపుల అడ్డం తిరిగిన దూడను తీసిన ముచ్చటనో, గొర్లకు రోగమొస్తె ఊరూరు తిరిగి టీకాలేసిన ముచ్చటనో చెప్తననుకున్నరు. నేను నిమ్మరసం తాగిన కుక్క ముచ్చట చెప్పిన. నవ్విండ్రు గని సగం నమ్మలే. అందుకే ఇప్పుడు కాయితం మీద పెడుతున్న.

ముందుగాలనే ఒక మాట. ఇండ్ల మనుషుల పేర్లు ఒక్కటి గూడ రాయ. అందరు గీ చుట్టుపక్కలనే ఉన్నరు, పెండ్లిళ్లల్ల కలుస్తరు, నాకెందుకు లొల్లి. కుక్క పేరు మాత్రం రాస్త, అది నా ఇంటి మీదికి రాదు. దాని పేరు జమేదారు.

నేను సిరిసిల్ల పిల్లను. బదిలీ మీద బదిలీ అయి అప్పటికి కోరుట్ల పశువుల దవఖానకు వచ్చి ఉన్న. మా దవఖాన అంటె బర్లు, ఆవులు, మేకలు, గొర్లు. కుక్క వస్తె మా కాంపౌండరు మొకం మాడిపోయేది. ఆయన రిటైరుకు దగ్గర పడ్డ మనిషి. బర్రె తన్నితె దులుపుకొని నవ్వేటోడు, కుక్క మొరిగితె బల్లెక్కేటోడు. "మేడం, బర్రెకు కోపమొస్తె ముందుగాల చెప్తది, కుక్క చెప్పది" అని ఆయన వాదన.

గప్పుడు తెలంగాణ లొల్లి మంచి జోరు మీదుంది. జేఏసీ లేని కొలువు లేదు. వకీళ్లకు జేఏసీ, పంతుళ్లకు జేఏసీ, ఆటోలోళ్లకు జేఏసీ. సర్కారు నౌకర్లమందరం సమ్మెల ఉంటిమి. దవఖానకు తాళమేసి, చౌరస్తల టెంటు కింద కూసుంటిమి. రిలే నిరాహార దీక్ష అంటె మీకు ఎరుక లేదేమో. పొద్దుగాల దండ ఏసుకొని కూసునుడు, పొద్దుమీకి ఎవరన్న పెద్దమనిషి వచ్చి నిమ్మరసం తాగిస్తె లేసుడు. మర్నాడు ఇంకో బ్యాచ్. మా టెంటుకు కన్వీనరు ఒక లెక్కల సారు. ఆయన సమ్మెను గూడ లెక్క చేసినట్టే నడిపేటోడు, ఒక్క మెట్టు తప్పనిచ్చేటోడు కాదు.

ఆ దినం మా డిపార్ట్‌మెంటు వంతు. పక్కపొంటి వంటా వార్పు, నిరసనకు రోడ్డు మీదనే వండి పంచుడు. పెద్ద గంజులల్ల అన్నం, పప్పు ఉడుకుతున్నయి. దీక్షల కూసున్నోళ్ల ముక్కు కింద పప్పు వాసన పెట్టిన పుణ్యాత్ముడెవడో నాకిప్పటికీ తెల్వదు. కడుపుల ఎలుకలు ఉరుకుతున్నయి.

గప్పుడు వచ్చిండు కల్లు గీసే మనిషి. మా కోరుట్ల పక్కనున్న ఇబ్రహీంపట్నం దిక్కు ఒక ఊరు ఆయనది. మోపెడు మీద వెనుకకు కల్లు పెట్టె, పెట్టెల తాడుతోని కట్టేసిన కుక్క. బస్సులు బంద్, అడుగడుగున రాస్తారోకో, ఎట్ల వచ్చినవయ్యా అంటె ఆయన చెప్పింది వినుండ్రి.

"ఎవలన్న ఆపితె, కుక్కకు పిచ్చిలేసింది, దవఖానకు తీస్కపోతున్న అన్న. అందరు పక్కకు జరిగిండ్రు. ఎడ్లబండి గూడ పక్కకు తీసిండ్రు."

గా ఉద్యమంల ఒక్క రాస్తారోకో గూడ ఆపని బండి ఏదన్న ఉందంటె గదే.

ఆ మాట విన్నంక టెంటుల సగం మంది గూడ పక్కకు జరిగిండ్రు. మా కాంపౌండరు కుర్చీ మీద నిలవడ్డడు.

కుక్క నోరు ఏలాడేసింది. చొంగ కారుతుంది. ముందరి కాలుతోని మాటిమాటికి మూతి గీక్కుంటుంది. మూడు దినాల సంది ఏం తింటలేదట. ఊరోళ్లు చూసి పిచ్చి కుక్క అన్నరు. పొద్దుగూకేలోపల డాక్టరుతోని పిచ్చి కాదని చెప్పిస్తె సరి, లేకుంటె కట్టెలతోని కొట్టి సంపుతమన్నరు. వాళ్లనేం తప్పు పట్టను, పిల్లలున్న ఊరు.

"ముందుగాల కొండగట్టుకు తీస్కపోయిన డాక్టరమ్మా" అన్నడాయన.

"కొండగట్టుకా? కుక్కనా?"

"పిచ్చి లేసినోళ్లను గాడికే గదా తీస్కపోతరు. అంజన్న కాడ ఒకపూట కట్టేసి ఉంచిన. కోతులు బెదిరి చెట్లెక్కినయి. పూజారి నన్ను ఎళ్లగొట్టిండు. ఇగ కరీంనగర్ పోయిన. గాడ కుక్కల డాక్టరు నెత్తురు పరీక్ష అన్నడు, స్కానింగ్ అన్నడు, సూదుల మీద సూదులేసిండు. మేకనమ్మి కట్టిన. మేక పాయె, కుక్క గట్లనే ఉండె. మేకనన్న ఉంచుకుంటె పండుగకు కోసుకొని తిందుము. మీ డాక్టర్లందరు దొంగలే! పైసలు గుంజుడు ఎరుక, రోగం ఎరుక లేదు."

తిట్టి తిట్టి, తాడు పట్టుకొని కింద కూసున్నడు. కుక్క వీపు నిమురుకుంట మెల్లగ అన్నడు: "పోయిన యేడు నేను తాటి చెట్టు మీదికెళ్లి పడ్డ. కాలిరిగి వాగుల పడి ఉన్న. ఊరోళ్లెవ్వలు రాలే. ఇదే ఉరికి, మొరిగి మొరిగి మందిని పట్టుకొచ్చింది. దీన్నెట్ల సంపనిస్త చెప్పు."

జమేదారు అనే పేరు ఎందుకు పెట్టినవంటె, ఎనుకట పన్నుకని కల్లు చెట్లకాడికొచ్చే ఆబ్కారీ జమేదారు లెక్కనే ఇది గూడ చెట్టు కింద కూసోని, దాని వాటా పొయ్యంది లేవదట.

ఇగ నా సంగతి చెప్త. నాకు భయమైంది. ఊరికే కాదు, గట్టిగనే అయింది. మా కాలేజీల సారొకాయన మాకు నూరిపోసిండు: కుక్క గొంతుల బొక్క, అదే ఎముక, ఇరికిందని ఎవలన్న వస్తె, నోట్ల చెయ్యి పెట్టకుండ్రి, ముందుగాల పిచ్చే అనుకోండ్రి. పిచ్చిల ఒక రకం గిట్లనే ఉంటది, మొరగది, కరువది, దవడ ఏలాడేసి చొంగ కారుస్తది. ఎంత గొప్ప డాక్టరన్న బతికున్న కుక్కను చూసి పిచ్చి లేదని అప్పటికప్పుడు చెప్పలేడు. కరీంనగర్ ఆయన గూడ అందుకే నోరు తెరిచి చూసి ఉండడు. అది నాకు అర్థమైంది. కల్లాయనకు ఎట్ల చెప్పాలె?

"దవఖాన తాళం తియ్యి, బోనుల పెట్టి చూస్త" అన్న కాంపౌండరుతోని. తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటది.

లెక్కల సారు లేసిండు. "తాళం తీస్తె సమ్మె ఇరిగినట్టే మేడం. మనుషుల ఎమర్జెన్సీకి మినహాయింపు ఇచ్చినం. కుక్కల ముచ్చట తీర్మానంల లేదు."

"తీర్మానంల కుక్కను గూడ పెట్టుండ్రి సారు."

"జిల్లా జేఏసీని అడుగాలె."

ఫోన్ చేసిండు. జిల్లా ఆయన ఎత్తలే. ఆయన గూడ యాడనో దీక్షల ఉన్నడట.

కల్లాయనకు తిక్క లేసింది. "మీరేనా దీక్ష చేసేది? నా కుక్క మూడు దినాల సంది కూడు ముట్టలే. మీది పొద్దుమీకి దాకనే!" అని మా టెంటుకు ఎదురుంగ, బట్టల దుకాణం ముంగట గొడుగు పాతి, కుక్కను పక్కకు కట్టుకొని కూసున్నడు.

గంతే. గా దినాలల్ల రోడ్డు మీద ఒక మనిషి ఊకె కూసున్నా నలుగురు వచ్చి సంఘీభావం చెప్పేటోళ్లు. ఇగ కుక్క కూసుంటె ఊకుంటరా? ముందుగాల వచ్చింది ఒకామె. ఆమె మొగడు దుబాయిల ఉంటడు. ఆయన పైసలు పంపి లాబ్రడార్ కుక్కను కొనిపిచ్చిండు. అది దూడంత ఉంటది, ఒళ్లంతా దురద. ఆమె నాకు ముందుగాలనే ఎరుక. దుబాయి వాసన సబ్బుతోని దినాం స్నానం పోస్తుంది, అది బంద్ చెయ్యమ్మా అని నేను చెప్పి ఆర్నెల్లయింది. ఫుకట్ల చెప్పిన మాటకు ఇలువ ఉండది. మూడు ప్రైవేటు దవఖానలు తిరిగింది, సబ్బు మాత్రం మార్చలే.

"నా మొగడు ఫోన్ల నా ముచ్చట అడుగడు, కుక్క దురద తగ్గిందా అని అడుగుతడు. నేను జరం వచ్చి పడుకుంటె గోలీ ఏసుకో అన్నడు. కుక్కకు డాక్టర్‌ను మార్చుమన్నడు. ఇయ్యాల మీ డాక్టర్ల సంగతి తేల్చుకుంట" అని కల్లాయన పక్కన కూసున్నది.

జర సేపటికి ఇంకా నలుగురైదుగురు కుక్కలోళ్లు జమైండ్రు. ఒకాయన కుక్కకు పన్ను పీకిస్తె ఇంకో పన్ను పోయిందట. ఇంకొకాయన కుక్కకు మంచిగైంది గని, మందులు తిన్న సంది అత్తగారిని చూసి మొరుగుడు బంద్ చేసిందట. మందు పనిచేసినట్టా, చెడగొట్టినట్టా అని నన్నే అడిగిండు. అందరు కలిసి "కుక్కలోళ్ల జేఏసీ" అని అట్ట మీద రాసి గొడుగుకు కట్టిండ్రు. కన్వీనరు దుబాయి ఆమె. నేను ఈ దిక్కు టెంటుల దండ ఏసుకొని సర్కారు మీద కొట్లాడుతున్న, ఆ దిక్కు నా మీద కొట్లాట నడుస్తుంది. నడుమ రోడ్డు మీద పప్పు ఉడుకుతుంది.

అగో గప్పుడు వచ్చిండు పేపరాయన. మా టెంటు ఫోటో ఆయనకు దినాం ఉన్నదే. కుక్క ఫోటో కొత్తది. ఎవలో జమేదారు మెడల బంతిపూల దండ ఏసిండ్రు. "తెలంగాణ కోసం శునకం నిరాహార దీక్ష" అని ఆయన ఫోన్ల హెడ్డింగ్ చెప్తుంటె నా చెవులతోని విన్న. కల్లాయన "తెలంగాణ కోసం గూడ అనుకో, ముందుగాల దాని నోటి కోసం" అన్నడు. పేపరాయన వినిపిచ్చుకోలే.

ఆ వార్త ఎట్ల పాకిందో ఏమో, ఒక లీడర్ దిగిండు. తెల్ల అంగి, మెడల కండువా, వెనుక పదిమంది. మా టెంటు దిక్కు దండం పెట్టి, సీదా కుక్క కాడికి పోయిండు. "మూగజీవాలు గూడ ఉద్యమంల ఉన్నయంటె ఢిల్లీకి సిగ్గుండాలె" అని మాట్లాడి, దీక్ష విరమింపజేస్తనని నిమ్మరసం తెప్పిచ్చిండు. నేను టెంటుల నుంచి మొత్తుకున్న, "సారు, దగ్గరికి పోకుండ్రి, అది పిచ్చో కాదో తెల్వది!" జనం చప్పట్లు కొడుతున్నరు, నా మాట ఎవలు వింటరు. కల్లాయన గూడ ఊకున్నడు. తర్వాత అడిగితె, "డాక్టరు చూడకుంటె లీడరన్న చూస్తడని ఊకున్న" అన్నడు.

లీడర్ ఫోటో కోసం జర వొంగి, గిలాసెత్తి దూరంకెళ్లే నోట్లకు పోసిండు. నిమ్మరసం పులుపు యాడ తగిలిందో, జమేదారు తల మొత్తం మీదికి ఎత్తి, నోరు బార్ల తెరిచి, కుయ్యోమని అరిచింది. పొద్దు సక్కగ నోట్లకు కొట్టింది. నేను ఎదురుంగ రోడ్డు అవతలకెళ్లి చూసిన.

అంగిట్ల, ఈ దవడ పన్ను నుంచి ఆ దవడ పన్నుకు, అడ్డంగ తలుపుకు గడియ పెట్టినట్టు, బొక్క.

"బొక్కరా! బొక్క ఇరికింది!" అని దండతోనే రోడ్డు దాటి ఉరికిన. దీక్షల ఉన్న మనిషి టెంటు దాటితె దీక్ష భంగమని లెక్కల సారు వెనుకకెళ్లి అరుస్తున్నడు. భంగమైతె కానీయి అన్న.

సామాను మాత్రం దవఖాన లోపల, తాళంచెవి కాంపౌండరు మొలతాడుకు. లెక్కల సారు దవఖాన తొవ్వకు అడ్డం నిలవడ్డడు. నేను వంటోళ్ల దిక్కు చూసిన. వేడి గిన్నెలు దించే పట్కారు ఉంది. పప్పుగుత్తి ఉంది. గ్లౌజులు లేవు, కూరగాయల కవర్లున్నయి. రెండు చేతులకు రెండేసి కవర్లు తొడిగిన.

"ఇది దవఖానల చేస్తలేను సారు, రోడ్డు మీద చేస్తున్న. వంటా వార్పుల భాగం అనుకోండ్రి" అన్న. లెక్కల సారు ఒక్క నిమిషం ఆలోచించిండు. లెక్క కుదిరింది, పక్కకు జరిగిండు.

కల్లాయన కుక్కను కాళ్ల నడుమ ఇరికించుకొని, లీడర్ కండువా అడిగి దాని మెడకు చుట్టి గట్టిగ పట్టిండు. లీడర్ కండువా ఇచ్చి తనొచ్చిన మోటరు ఎనుకకు పోయి నిలవడ్డడు. పప్పుగుత్తి కట్టె పళ్ల నడుమ పెట్టి పట్టాలె. ఎవలు పడతరు? నేను కాంపౌండరును చూసిన. ఆయన నన్ను చూసిండు. "మేడం, నాకు పెన్షన్ దగ్గరికొచ్చింది" అన్నడు. అనుకుంటనే కుర్చీ దిగి వచ్చిండు. కండ్లు మూసుకొని, అంజన్నను తల్సుకుంట పప్పుగుత్తి పట్టిండు. ఆ మనిషికి కుక్కంటె ఎంత భయమో నాకెరుక, అందుకే ఆనాటి ఆయన ధైర్యం ముందు నాది ఏ మూలకూ రాదు.

పట్కారుతోని బొక్కను పట్టి, ఇటు జరిపి, కిందికి గుంజిన. టక్కుమని ఊడింది. దాంతోనే పప్పుగుత్తి జారింది, దవడ టప్పున మూసుకుంది, నా ఏలు నడుమ పడ్డది. కవర్లు చినిగినయి. నెత్తురు.

జమేదారు నాలుక తిప్పుకున్నది, తల దులుపుకున్నది, సీదా పోయి వంటోళ్ల బకిట్ల నీళ్లు గటగట తాగింది. జనమంతా చప్పట్లు. పేపరాయన ఫోటోలు. ఆనాటి పప్పు ఎవలు తిన్నరో గని నేను మాత్రం తినలే.

కల్లాయన బొక్కను చేతుల పట్టుకొని తిప్పి తిప్పి చూసిండు. దండం పెడతడేమో అనుకున్న. "గీ ఏలెడు బొక్కకా నా మేక పోయింది?" అని మల్ల తిట్లు అందుకున్నడు. వాళ్ల ఊరి వంటా వార్పుల కోసిన మేక బొక్కనే ఇది అని గూడ గుర్తు పట్టిండు. అంటె జమేదారు నిజంగనే ఉద్యమంల దెబ్బ తిన్నదన్నట్టు. లీడర్ ఆ ముక్క ఇని మల్ల మోటరు ముందుకొచ్చిండు.

ఇగ మీరు నవ్వుడు ఆపుండ్రి. అసలు కథ నా ఏలు కాడ మొదలైతది.

బొక్క ఉన్నంత మాత్రాన పిచ్చి లేదని రాసిచ్చినట్టు కాదు. పిచ్చి లేసిన కుక్క బొక్కలు గూడ కొరుకుతది. మేం పశువుల డాక్టర్లం ముందుగాలనే పిచ్చికుక్క టీకాలు ఏసుకున్నోళ్లమే, అయినా కరిస్తె మల్ల ఏసుకోవాలె. సర్కారు దవఖానల టీకా అయిపోయింది, రావాలంటె బండ్లు బంద్. ఇగ జగిత్యాలల ఒక ప్రైవేటు దవఖానకు పోయిన. ఆడ డాక్టరు నా ఏలు చూడకముందే నెత్తురు పరీక్ష రాసిండు, గుండె పరీక్ష రాసిండు. "కరిచింది ఏలు సారు, గుండె కాదు" అన్న. "ఎందుకైన మంచిదమ్మా" అన్నడు. బిల్లు చూసి బయటికొచ్చి మెట్ల మీద నిలవడి, అచ్చం కల్లాయన తిట్టిన తిట్లే తిట్టిన. ఒక్క మాట గూడ తక్కువ కాలే. అంతకుముందు టీకా ఏసేటప్పుడు "నాకేమన్న అయితదా సారు" అని అడిగితె ఆయన "చూద్దాం" అన్నడు. గా చూద్దాం అనే మాట ఇంటికొచ్చినంక గూడ నన్ను పడుకోనియ్యలే.

తెల్లారి ఇంకో పిడుగు. ఊరోళ్లకు కబురు పోయిందట, "డాక్టరమ్మనే కరిచింది, పిచ్చిదే" అని కట్టెలు తీసిండ్రట. నేను మా కాంపౌండరు బండి మీద ఎక్కి ఆ ఊరికి ఉరికిన. కుక్క చుట్టూ మంది కమ్ముకొని ఉన్నరు, కల్లాయన దాన్ని కావలించుకొని కూసున్నడు.

"ఇదో వినుండ్రి" అన్న. "పిచ్చి ఉంటె ఈ కుక్క పది రోజులల్ల సస్తది. సావకుంటె నాకేం లేనట్టు. దీన్ని మీరు సంపితె నా సంగతి నాకెట్ల తెల్వాలె? దీని మీద కట్టె ఏస్తె నా మీద ఏసినట్టే. తాటివనంల కట్టేసి ఉంచుండ్రి, దినాం నేనే వచ్చి చూస్త."

ఊరోళ్లు కట్టెలు దించిండ్రు.

కుక్కతోక పట్టుకొని గోదారి ఈదుతరా అంటరు. గోదారికి దగ్గరి ఊర్లెనే నేను ఈదిన. దినాం పోయి తాటిచెట్టు కింద నిలవడి, "ఎట్లుంది? తిన్నదా? నీళ్లు తాగిందా?" అని అడుగుడు. నా దవఖానకొచ్చిన వాళ్లు నన్ను గిట్లనే అడిగేటోళ్లు గదా, నేను మాత్ర రాసుకుంట తల ఎత్తకుండ "చూద్దాం" అనేదాన్ని గదా అని గుర్తొచ్చేది. కల్లాయన చెట్టు మీదికెళ్లే "తిన్నదమ్మా, పో" అనేటోడు. ఒకనాడు జమేదారు పండుకొని లేవలే. నా పానం పోయినంత పనైంది. ఆయన దిగొచ్చి చూసి, "రాత్రి జర ఎక్కువ తాగింది, ఏం లేదు" అన్నడు.

పదో దినం పొద్దుగాల పోయిన. జమేదారు నన్ను చూసి తోక ఊపింది. కల్లాయన చెట్టు దిగి, నడుముకున్న మోకుతాడు ఇప్పుకొని, కింద కూసోని, దాని నోరు రెండు చేతులతోని తెరిచి లోపలికి చూసిండు. దవడలు చూసిండు, నాలుక చూసిండు, కండ్లు చూసిండు. తర్వాత నా ఏలు తీస్కొని తిప్పి తిప్పి చూసిండు. ఒక్క పరీక్ష రాయలే.

"ఏం గాలే. నువ్వు మంచిగున్నవ్ డాక్టరమ్మా" అన్నడు.

నాకు ఏడుపొచ్చింది. అన్ని పైసలు కట్టి వచ్చిన, ఈ ఒక్క మాట నాకు ఎవ్వలు చెప్పలే. పిల్లలూ, మీ బల్ల ముంగట కుక్కను పట్టుకొని నిలవడ్డోడు మేకను అమ్మి తెచ్చేది గీ మాట కోసమే. మంచి మాట చెప్పే వీలు లేకుంటె, లేదని తల ఎత్తి చెప్పుండ్రి. చూద్దాం అనకుండ్రి.

కండ్లు తుడుసుకొని "ఫీజెంత?" అన్న.

"ఫీజు ఎనుక, ముందుగాల కూసో. పది రోజుల సంది నువ్వు సరింగ తింటలేవని మొకం చూస్తెనే ఎరుకైతుంది" అని ఆకు మడిచి దొప్ప చేసి, కల్లు కుండ వంచిండు. "ఈడ నిమ్మరసం లేదు. గిది తాగి దీక్ష ఇడువు."

దొప్ప అందుకుందామని చెయ్యి చాపిన. ఆయన ఆపిండు. ముందుగాల జమేదారుకు పోసి, తర్వాత నాకు పోసిండు.